హైదరాబాద్ నుంచి జెద్దా: విమాన దూరం ఎంత? ప్రయాణం ఎన్ని గంటలు?

హైదరాబాద్ నుంచి జెద్దాకు ఆకాశమార్గంలో దూరం సుమారు 4,135 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే 2,570. విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో 2,230. నేరుగా వెళ్లే విమానం అయితే వెళ్లేటప్పుడు దాదాపు ఐదు గంటల ముప్పావు నుంచి ఆరుంబావు గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటల నుంచి ఐదున్నర గంటలు పడుతుంది. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది.

చాలామందికి ఈ మాత్రం సమాచారం సరిపోతుంది. అయితే ఈ దారిలో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఉమ్రాకో హజ్‌కో వెళ్లేవాళ్లు, లేదంటే అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్లు, వాళ్లను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు. ఇహ్రాం ఎప్పుడు కట్టుకోవాలి, నమాజు ఏ సమయానికి చదవాలి, రోజా ఎప్పుడు విప్పాలి, అబ్బాజాన్‌కు షుగర్ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇవ్వాలి అన్నవన్నీ ఈ దూరం మీద, ఈ గంటల మీదే ఆధారపడి ఉంటాయి. టికెట్ మీద ముద్రించిన రెండు టైములు చూసి లెక్క వేసుకుంటే పొరపాటు జరుగుతుంది. అందుకే ఈ లెక్కను విడివిడిగా చూద్దాం.

దూరం ఎలా కొలుస్తారు?

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ అంతర్జాతీయ విమానాశ్రయం దాకా భూగోళం మీద అతి దగ్గరి గీత గీస్తే వచ్చేదే ఈ 4,135 కిలోమీటర్లు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస జెద్దా మీద పెట్టి బిగించి చూడండి. ఆ దారం పడే దారే ఆ గీత. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలిస్తే ఇదే జవాబు రాదు, ఎందుకంటే గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే దూరాలు, దిక్కులు కొంత మారిపోతాయి.

ఖిబ్లా దిశను లెక్కించే పద్ధతి కూడా ఇదే. హైదరాబాద్ నుంచి మక్కా వైపు అతి దగ్గరి గీత గీస్తే అది సూటిగా పడమరకు పోదు. పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీలు తిరిగి ఉంటుంది. జెద్దాకు వెళ్లే గీత కూడా దాదాపు అదే దిశలో మొదలవుతుంది. అంటే హైదరాబాద్‌లో నమాజుకు నిలబడిన మనిషి ఏ వైపు చూస్తాడో, జెద్దా విమానం కూడా ఇంచుమించు ఆ వైపే బయలుదేరుతుంది.

ఈ గీతను మూడు ముక్కలుగా చూడొచ్చు. మొదటి 600 కిలోమీటర్లు మన దేశపు నేల మీద, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతాల మీదుగా సాగి ముంబైకి కాస్త దక్షిణంగా కొంకణ్ తీరం దాటుతుంది. తర్వాత దాదాపు 1,500 కిలోమీటర్లు అరేబియా సముద్రం. ఆ సముద్రం ముగిసే చోట ఒమన్‌కు చెందిన మసీరా ద్వీపం వస్తుంది. సరిగ్గా సగం దూరం అక్కడే. మిగతా సగం ఒమన్, సౌదీ ఎడారుల మీదుగా సాగుతుంది. ఉదయం పూట కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు నీలం రంగు పోయి పసుపుపచ్చ ఇసుక కనబడడం మొదలైతే సగం దారి అయిపోయినట్టే.

నిజంగా విమానం నడిచే దారి ఈ గీత కంటే కొంత ఎక్కువ ఉంటుంది. గాల్లో కూడా నిర్ణయించిన మార్గాలు ఉంటాయి. ఒక దేశపు కంట్రోల్ రూం నుంచి ఇంకో దేశపు కంట్రోల్ రూంకు అప్పజెప్పే చోట్లు ఉంటాయి. కొన్ని రోజులు మస్కట్ వైపు కాస్త ఉత్తరంగా జరిగి వెళ్తుంది. దిగే ముందు రన్‌వేను బట్టి ఒక చుట్టు తిరగాల్సి వస్తుంది. అందుకే ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లలో చూపించే దూరం రోజుకో రకంగా ఉంటుంది. అది తప్పు కాదు.

గంటలు ఎందుకు మారతాయి?

ఈ దారిలో తిరిగే విమానాలు పైకి చేరాక గంటకు సుమారు 830 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 4,135ను 850తో భాగిస్తే ఐదు గంటలు కూడా రాదు. మరి టికెట్ మీద ఆరు గంటలు ఎందుకు?

మొదటి కారణం, టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే సమయం ఒక్కటే కాదు. శంషాబాద్‌లో విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి జెద్దాలో గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయమంతా అందులో కలుస్తుంది. రెండు వైపులా నేల మీద నడిచే సమయమే అరగంట దాకా ఉంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం నెమ్మదిగా పోతుంది. ఆలస్యం కాకుండా సంస్థలు ముందుజాగ్రత్తగా కొన్ని నిమిషాలు కలిపి కూడా వేసుకుంటాయి.

రెండో కారణం గాలి. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. జెద్దాకు వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. గంటకు సగటున 60 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. 850 వేగం వెళ్లేటప్పుడు 790కి పడిపోతుంది, వచ్చేటప్పుడు 910కి పెరుగుతుంది. అదే దూరానికి రానూ పోనూ మధ్య 40 నిమిషాల తేడా వచ్చేస్తుంది.

ఈ గాలి ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. చలికాలంలో జెట్ స్ట్రీమ్ దక్షిణానికి దిగి ఉత్తర భారతదేశం, అరేబియా మీదుగా వీస్తుంది. అప్పుడు తేడా ఎక్కువ. వానాకాలంలో అది హిమాలయాల అవతలికి, టిబెట్ వైపు జరిగిపోతుంది. అప్పుడు రాకపోకల మధ్య తేడా తగ్గుతుంది. డిసెంబరులో ఉమ్రాకు వెళ్లినవాళ్లు చెప్పే గంటలకు, జూలైలో వెళ్లినవాళ్లు చెప్పే గంటలకు కుదరకపోతే ఇద్దరూ నిజమే చెబుతున్నారని అర్థం.

మూడో కారణం, ఆకాశం మూతపడడం. 2025 జూన్‌లో ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేసినప్పుడు గల్ఫ్ మొత్తం మీద విమానాల రాకపోకలు తారుమారయ్యాయి. అలాంటి సమయాల్లో టికెట్ మీది టైమును నమ్ముకుని ఇంటి నుంచి బయలుదేరకూడదు. విమాన సంస్థ నుంచి వచ్చిన మెసేజ్ చూసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి భారత విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూతపడినా హైదరాబాద్–జెద్దా దారికి దానితో పెద్దగా పని లేదు. మన దారి ముంబై పక్కనుంచి నేరుగా సముద్రం మీదికి పోతుంది. ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు పోయే విమానాలకే ఆ ఇబ్బంది ఎక్కువ.

టికెట్ మీది టైముతో వచ్చే తికమక

టికెట్ మీద బయలుదేరే టైము బయలుదేరే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. భారత కాలం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు, సౌదీ కాలం మూడు గంటలు ముందు. తేడా రెండున్నర గంటలు. సౌదీలో ఎండాకాలం, చలికాలం అని గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి ఈ తేడా ఏడాదంతా ఒకటే.

ఉదాహరణకు, విమానం హైదరాబాద్‌లో రాత్రి 10:00 గంటలకు బయలుదేరి ఆరు గంటలు ప్రయాణించిందనుకోండి. మన గడియారంలో తెల్లవారుజామున 4:00. జెద్దా గడియారంలో 1:30. టికెట్ చూసినవాళ్లకు మూడున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఉదయం 10:00 గంటలకు జెద్దాలో ఎక్కి ఐదుంబావు గంటలు ప్రయాణిస్తే అక్కడి గడియారంలో మధ్యాహ్నం 3:15, మన గడియారంలో సాయంత్రం 5:45. టికెట్ మీద ఏడు గంటల నలభై ఐదు నిమిషాలు ఉన్నట్టు కనిపిస్తుంది.

అందుకే ఒక సులువైన లెక్క గుర్తుపెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు టికెట్‌లో కనిపించే తేడాకు రెండున్నర గంటలు కలపాలి. వచ్చేటప్పుడు రెండున్నర గంటలు తీసేయాలి. అసలు ప్రయాణ సమయం వస్తుంది.

తారీఖు దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలా విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద 5వ తారీఖు, రాత్రి 12:40 అని ఉంటే దాని అర్థం 4వ తారీఖు రాత్రి భోజనాల వేళకే ఎయిర్‌పోర్టులో ఉండాలని. 5వ తారీఖు రాత్రికి కదా అని తీరిగ్గా వస్తే అప్పటికి విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది. టికెట్ చేతికి రాగానే ఇంట్లో క్యాలెండర్ మీద "4వ తారీఖు, సాయంత్రం బయలుదేరాలి" అని రాసిపెట్టుకోవడం మంచిది.

మీఖాత్: గాల్లోనే దాటే హద్దు

ఉమ్రా, హజ్ నియ్యత్‌తో వెళ్లేవాళ్లకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన సమయం టికెట్ మీద ఎక్కడా ఉండదు. అది మీఖాత్ దాటే సమయం. ఇహ్రాం లేకుండా దాటకూడని హద్దు అది. పూర్వం మన దేశం నుంచి ఓడల్లో వెళ్లేవాళ్లకు యలమ్‌లమ్ మీఖాత్‌గా ఉండేది. ఇప్పుడు తూర్పు వైపు నుంచి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ పరిసరాల మీదుగా, అంటే ఖర్నుల్ మనాజిల్ వైపు నుంచి జెద్దాకు దిగుతాయి. జెద్దా నగరం ఆ హద్దు దాటాకే వస్తుంది. అందువల్ల జెద్దాలో దిగాక తీరిగ్గా ఇహ్రాం కట్టుకుందామనుకోవడం మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు కుదరదు.

ఈ హద్దు సాధారణంగా దిగడానికి 20 నుంచి 40 నిమిషాల ముందు వస్తుంది. చాలా విమానాల్లో ముందుగా ప్రకటన చేస్తారు. కానీ ఆ సమయం ఎలాంటిదో చూడండి. రాత్రి 10 గంటల విమానం ఉదాహరణనే తీసుకుంటే మీఖాత్ దాటేది జెద్దా కాలం ప్రకారం ఒంటిగంటకు కాస్త అటూ ఇటూగా. మన ఒంటికి మాత్రం అది తెల్లవారుజాము మూడుంబావు, మూడున్నర. ఐదు గంటలు కూర్చున్నాక పెద్దవాళ్లు గాఢనిద్రలో ఉండే వేళ. ప్రకటన అరబీలోనో ఇంగ్లీషులోనో వస్తే అర్థం కాకపోవచ్చు. అప్పటికప్పుడు లేచి విమానంలోని ఇరుకు బాత్రూంలో బట్టలు మార్చుకోవాలంటే ముందే పది మంది వరుసలో ఉంటారు. దిగే సమయం దగ్గర పడితే సీటు బెల్టు పెట్టుకోమని అందరినీ కూర్చోబెట్టేస్తారు.

అందుకే మగవాళ్లు ఇంట్లోనో, శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనో గుసుల్, వుజూ చేసుకుని ఇహ్రాం చాదర్లు కట్టుకునే విమానం ఎక్కడం మేలు. ఆడవాళ్లకు ప్రత్యేకమైన బట్టలు లేవు కాబట్టి మామూలు దుస్తుల్లోనే సిద్ధంగా ఉండొచ్చు. నియ్యత్, తల్బియా మీఖాత్ రాకముందే చేసుకోవాలి. నిద్ర పట్టేస్తుందన్న భయం ఉన్నవాళ్లు ఇంకాస్త ముందే నియ్యత్ చేసుకోవచ్చు. ఫోనులో దిగే టైముకు గంటన్నర ముందు అలారం పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంటర్నెట్ లేకపోతే ఫోను మన టైమే చూపిస్తుంటుంది, ఆ సంగతి మరవొద్దు. ఇహ్రాం చాదర్లు లగేజీలో వేసేయకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. పెట్టె విమానం కడుపులోకి పోయాక మళ్లీ జెద్దాలోనే కనబడుతుంది.

ఇహ్రాం లేకుండా హద్దు దాటితే వెనక్కి మీఖాత్‌కు వెళ్లి రావడమో, దమ్ ఇవ్వడమో చేయాల్సి వస్తుంది. అలాంటి పరిస్థితి ఎదురైతే సొంతంగా నిర్ణయం తీసుకోకుండా తమ ఉలమాలను అడగాలి.

మొదట మదీనాకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. హైదరాబాద్ నుంచి మదీనా దూరం సుమారు 4,090 కిలోమీటర్లు. జెద్దాతో పోలిస్తే పెద్ద తేడా లేదు. కానీ అక్కడ దిగేవాళ్లు విమానంలో ఇహ్రాం కట్టుకోనక్కర్లేదు. మదీనాలో గడిపి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా (అబ్యార్ అలీ) దగ్గర కట్టుకుంటారు. టూర్ ఆపరేటర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న "మా విమానం మొదట ఎక్కడ దిగుతుంది?" అన్నదే.

నమాజు, రోజా లెక్క

హైదరాబాద్‌కూ జెద్దాకూ మధ్య 39 డిగ్రీల రేఖాంశాల తేడా ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడి లెక్కలో తేడా రెండు గంటల 37 నిమిషాలు. పడమరకు పోతున్నప్పుడు విమానం సూర్యుడి వెంట పరుగెడుతున్నట్టే. పగలు సాగుతుంది. తూర్పుకు వస్తున్నప్పుడు పగలు కుంచించుకుపోతుంది.

పగటి విమానాల్లో దీని ప్రభావం నమాజుల మీద కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉదయం 11:00 గంటలకు ఎక్కితే జెద్దాలో మధ్యాహ్నం 2:30కు దిగుతారు. జుహర్ వక్త్ గాల్లోనే మొదలైనా దిగేసరికి ఇంకా కొంత మిగిలి ఉంటుంది. కానీ ఇమిగ్రేషన్ వరుసలో అది గడిచిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో జెద్దాలో ఉదయం 10:00 గంటలకు ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది 5:45కు. జుహర్, అసర్ రెండూ దారిలోనే వస్తాయి. చలికాలంలో అయితే దిగేసరికి మగ్రిబ్ కూడా అయిపోతుంది. ఇంటికి చేరాక చదువుకుందామనుకుంటే రెండు నమాజులు ఖజా అవుతాయి. వుజూతో ఎక్కడం, విమానంలో ఎలా చదవాలో ముందే తమ ఇమామ్‌ను అడిగి తెలుసుకోవడం అవసరం.

రంజాన్‌లో రోజాతో పడమరకు వెళ్తే ఆ రోజు రోజా దాదాపు రెండున్నర గంటలు పెరుగుతుంది. సహరీ హైదరాబాద్‌లో, ఇఫ్తార్ జెద్దాలో. హైదరాబాద్‌లో పదమూడు గంటల రోజా కాస్తా పదిహేనున్నర గంటలకు చేరుతుంది. తూర్పుకు వచ్చేటప్పుడు అంతే తగ్గుతుంది. విమానంలో ఇఫ్తార్‌కు కింద నేల మీది ఊరి టైము పట్టుకోకూడదు. పదకొండు కిలోమీటర్ల ఎత్తు నుంచి సూర్యుడు కింద ఉన్నవాళ్లకంటే పది పదిహేను నిమిషాలు ఎక్కువసేపు కనిపిస్తాడు. కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తుండగా ఇఫ్తార్ కాదని ఉలమాలు చెబుతారు. ముసాఫిర్‌కు రోజాను తర్వాత ఉంచుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు దాన్ని గుర్తుంచుకోవాలి.

పెద్దవాళ్లు, మందుల వేళలు

రెండున్నర గంటల తేడా చిన్నదే. కానీ ఇన్సులిన్, బీపీ మాత్రలు, ఫిట్స్ మందులు వేళకు వేసుకునేవాళ్లకు అది చిన్నది కాదు. ప్రయాణం రోజు మందులను ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మందులు, ఇన్సులిన్, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను లగేజీలో వేస్తే అక్కడి చలికి పాడయ్యే ప్రమాదం ఉంది.

విమానం లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. గాలి బాగా పొడిగా ఉంటుంది. ఆరు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, కొందరికి రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. బాత్రూంకు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు చాలామంది. అది మంచిది కాదు. గంటకోసారి లేచి రెండడుగులు వేయించాలి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు డాక్టర్ అనుమతి తీసుకునే టికెట్ కొనాలి. వీల్‌చైర్ కావాలంటే ఎయిర్‌పోర్టుకు వెళ్లాక కాకుండా టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

మధ్యలో ఆగే విమానాలు

సౌదియా, ఇండిగో వంటి సంస్థలు హైదరాబాద్ నుంచి జెద్దాకు నేరుగా విమానాలు నడుపుతున్నాయి. రోజులు, వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి. ధర తక్కువని చాలామంది మస్కట్, దుబాయ్, దోహా, రియాద్‌ల మీదుగా వెళ్తారు.

దూరం విషయంలో ఇవేవీ పెద్ద చుట్టు కాదు. మస్కట్ మీదుగా మొత్తం దూరం సుమారు 4,185 కిలోమీటర్లు, అంటే నేరు దూరం కంటే 50 మాత్రమే ఎక్కువ. దుబాయ్, దోహా, రియాద్‌లలో దేని మీదుగా వెళ్లినా సుమారు 4,245, అంటే 110 ఎక్కువ. విమానానికి అది ఏడెనిమిది నిమిషాల పని. సమయం తినేది దూరం కాదు, మధ్యలో కూర్చునే గంటలు. మూడు గంటలు ఆగితే మొత్తం ప్రయాణం తొమ్మిది, పది గంటలవుతుంది. ఎనిమిది గంటలు ఆగితే ఒక రోజు పోయినట్టే. అమ్మీ అబ్బాలను ఒంటరిగా పంపేవాళ్లు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు టికెట్‌లో మిగిలే డబ్బును, ఆ గంటల అలసటను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు. ఒకే బుకింగ్‌లో ఉంటేనే మంచిది.

మధ్యలో ఆగడంలో ఒక సౌకర్యం ఉంది. మస్కట్, దుబాయ్, దోహా, రియాద్ నాలుగూ మీఖాత్ హద్దుకు బయటే ఉన్నాయి. అక్కడి ఎయిర్‌పోర్టులో ఇహ్రాం కట్టుకోవచ్చు. అయితే రియాద్–జెద్దా మధ్య దూరం 850 కిలోమీటర్లే. ఆ రెండో విమానం ఎక్కాక మీఖాత్ చాలా తొందరగా వచ్చేస్తుంది. సిద్ధపడటం రియాద్‌లోనే పూర్తి కావాలి.

ఆంధ్రప్రదేశ్ హాజీల కోసం 2023లో విజయవాడ (గన్నవరం) నుంచి కూడా హజ్ విమానాలు నడిచాయి. అక్కడి నుంచి జెద్దా దూరం సుమారు 4,400 కిలోమీటర్లు. హైదరాబాద్ కంటే అరగంటకు లోపే ఎక్కువ.

ఇంటి గడప నుంచి హరమ్ దాకా

విమానం ఆరు గంటలే. మరి మొత్తం ప్రయాణం? కర్నూలు నుంచి బయలుదేరే ఒక కుటుంబం లెక్క చూద్దాం. రాత్రి 10:00 గంటల విమానానికి మూడు గంటల ముందు, అంటే 7:00 గంటలకు శంషాబాద్‌లో ఉండాలి. దారి సుమారు 200 కిలోమీటర్లు. మధ్యలో ఆగడం కలుపుకుని మధ్యాహ్నం 3:00 గంటలకు ఇంటి నుంచి కదలాలి. జెద్దాలో దిగేది అక్కడి టైము 1:30. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి 3:00. అక్కడి నుంచి మక్కాకు రోడ్డు మీద గంట, గంటన్నర. హోటల్ చేరేసరికి 4:30. మన టైములో ఉదయం 7:00. మొత్తం పదహారు గంటలు. అందులో విమానంలో గడిపింది ఆరు గంటలే. ఈ సంగతి తెలియక చేరీ చేరగానే ఉమ్రా మొదలుపెట్టి తవాఫ్ మధ్యలో కళ్లు తిరిగి కూలబడే పెద్దవాళ్లు ఉంటారు. ఇహ్రాంలోనే ఉండి రెండు మూడు గంటలు పడుకుని, ఏదైనా తిని, అప్పుడు ఉమ్రా చేసుకోవచ్చు. అందులో అభ్యంతరం లేదు.

పగటి పూట దిగేవాళ్లకు రైలు కూడా ఉంది. మక్కా–మదీనాలను కలుపుతూ 2018లో మొదలైన హరమైన్ హైస్పీడ్ రైలుకు జెద్దా ఎయిర్‌పోర్టులోనే స్టేషన్ ఉంది. గంటకు 300 కిలోమీటర్ల వేగం. మక్కాకు గంటలోపే చేరుస్తుంది. రాత్రి వేళల్లో రైళ్లు ఉండకపోవచ్చు కాబట్టి టికెట్ ముందే చూసుకోవాలి. హజ్ సీజన్‌లో మాత్రం హాజీలు ప్రత్యేకమైన హజ్ టెర్మినల్‌లో దిగుతారు. తెల్లటి గుడారాల కప్పుతో కట్టిన ఆ భవనానికి 1983లో ఆగా ఖాన్ వాస్తుకళా పురస్కారం వచ్చింది. అక్కడ బస్సులు ఎక్కేదాకా గంటలు పట్టొచ్చు.

ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు

విమానం దిగిన వెంటనే ఫోను రాకపోతే కంగారు పడనక్కర్లేదు. టికెట్ మీది సౌదీ టైముకు రెండున్నర గంటలు కలిపితే మన టైము. దానికి ఇమిగ్రేషన్, సిమ్ కార్డు కోసం ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి. రాత్రి 10:00 గంటలకు వెళ్లినవాళ్ల నుంచి ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఫోను ఆశించొచ్చు. విమానం దిగిందో లేదో తెలుసుకోవాలంటే ఫ్లైట్ నంబరు చాలు, ట్రాకింగ్ యాప్‌లో కనిపిస్తుంది.

1995 దాకా బొంబాయి నుంచి జెద్దాకు హజ్ ఓడలు నడిచేవి. మన ఊళ్ల హాజీలు రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ రోజుల తరబడి ఆగి, సముద్రం మీద వారానికి పైగా గడిపి అవతలి ఒడ్డు చేరేవారు. ఓడ యలమ్‌లమ్ దరికి వస్తోందంటే ఒకరినొకరు లేపుకుని ఇహ్రాం కట్టుకునేంత తీరిక వాళ్లకు ఉండేది. ఇప్పుడు అదే సముద్రం రెండు గంటల్లో దాటిపోతుంది. హద్దు నిమిషాల్లో వచ్చి పోతుంది. అందుకే బయలుదేరే ముందు రోజు ఒక కాగితం మీద నాలుగు టైములు మన గడియారం ప్రకారం రాసుకుని పెద్దవాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి: ఇంటి నుంచి కదిలే వేళ, మందుల వేళ, మీఖాత్ కోసం మేలుకోవాల్సిన వేళ, జెద్దాలో దిగే వేళ.